కడగొట్టుదాని జుట్టు

సోమవారం. తొట్టి ముప్పావు.

ఈ రోజూ గొట్టంలో గాలే వచ్చింది. ముందు బుస్సుమంది, తరువాత ముసలివాడిలా దగ్గింది, చివరికి తుప్పు రంగు నీళ్లు ఒక చెంబుడు కక్కి ఆగిపోయింది. ఆ చెంబుడూ గుడ్డతో వడగట్టి ఎండపలకలు తుడవడానికి పక్కన పెట్టాను. పలకల మీద ఇసుక పేరుకుంటే మధ్యాహ్నానికి పొయ్యి వేడెక్కదు, సంగటి ఉడకదు. సంగటి ఆలస్యమైతే మా ఆయన తిప్పేస్వామి అరుగు మీద కూర్చుని చిన్నప్పటి సంగతులు మొదలుపెడతారు. అందుకని ముందు పలకలు.

పడమటి గోడ వీధి నీళ్ల లెక్క రాసే పని నాకు ఎవరూ అప్పగించలేదు. ఇంకెవరూ రాయరు కాబట్టి నాది అయింది. తొట్టిలో ఎంత ఉందో, ఏ ఇంటికి ఎంత పోయిందో, ఎవరు ఏమన్నారో రాసిపెడితే తగువులు తగ్గుతాయనుకున్నాను. తగువులు తగ్గలేదు. పుస్తకం మాత్రం నిండుతోంది.

ఇంతవరకు పనిచేసిన పొదుపు ఒక్కటే. తలంటు నీళ్లు మిగలాలని పోయిన నెల వీధి మొత్తానికి జుట్టు కత్తిరింపు పెట్టాను. మొదటి తల నాదే. ఆడా మగా పిల్లా జెల్లా అందరూ ఇప్పుడు కోత కోసిన కొర్ర చేనులా ఉన్నారు. తొట్టి తగ్గడం కొంచెం నెమ్మదించింది.

ఒక్క ఇల్లే కలిసి రాలేదు. ఎదురింటి హుసేన్‌బీ. వయసు నాకంటే కాస్త ఎక్కువే అయినా అందరినీ అక్కా అనే పిలుస్తుంది, నన్నయినా సరే.

"నీళ్లు తక్కువైతే నోరు కట్టుకుంటా రత్నక్కా. జడ మాత్రం ముట్టనియ్యను. నీ బుక్కులో ఏమన్నా రాసుకో పో."

రాసుకున్నాను. ‘దుబారా’ అని రాసి, వాళ్లింటి వాటాలో రోజుకొక చెంబు కోశాను. అప్పటినుంచి మాకు మాటల్లేవు. పొద్దున వాకిళ్లు ఊడ్చేటప్పుడు ఆవిడ ఇసుక మా గుమ్మం వైపు వస్తుంది, నా ఇసుక వాళ్ల గుమ్మం వైపు పోతుంది. గాలివాటం అనుకోవాలి.

బుధవారం. తొట్టి సగం కంటే కాస్త పైన.

నీళ్ల కచేరి నుంచి అధికారి వచ్చాడు. రఘునందన్ అని, కుర్రవాడు. ముక్కుకు కట్టుకున్న గుడ్డ ఇంకా తెల్లగా ఉంది కాబట్టి మా ఊరు ఉడుములదిన్నెకు కొత్త అని అర్థమైంది.

వీధంతా తొట్టి దగ్గర చేరాక చెప్పాడు. సముద్రపు గొట్టం ఇక పడమటి వైపుకు రాదు. ఈ అమావాస్యతో కట్టేస్తారు. ఆ లోపు ఏ వీధికి ఆ వీధి పాతకాలంలోలా మంచు వలలు కట్టుకుని, తెల్లారేసరికి ఇంటికి ఒక బిందె నింపి చూపించాలి. చూపించిన వీధి ఉంటుంది. చూపించలేని వీధికి మూత వేసి, జనాన్ని రేవు కాలనీకి తరలిస్తారు.

రేవు కాలనీ పేరు వింటేనే నాకు భయం. నేను పుట్టింది అక్కడే. గది మీద గది, గోడల నిండా ఉప్పు, ఎండనే ఎండని గుడ్డలు. మా తమ్ముడి కుటుంబం ఇప్పటికీ ఒకే గదిలో వంతులు వేసుకుని పడుకుంటుంది. ఆ గది నుంచి బయటపడదామనే ఈ ఎడారి ఊరి సంబంధానికి తల ఊపాను. ఇక్కడ నాకంటూ ఒక వంటిల్లు ఉంది. తలుపు ఉంది. తలుపు వేసుకుంటే నిశ్శబ్దం ఉంది.

నా భయం నాది. మావాళ్లకు మాత్రం పండగలా ఉంది.

"బిందెడేనా సార్!" అన్నారు మా ఆయన. "మా చిన్నప్పుడు ఇంటికి మూడు బిందెలు పడేవి, దేవుడి సాక్షిగా."

"మూడేందిరా తిప్పిగా," అన్నాడు మూలింటి కుళ్లాయప్ప మామ. వీధిలో అందరికంటే పెద్దాయన, ఒకప్పుడు బడిపంతులు. "మా ఇంట్ల ఐదు. మాయమ్మ పొద్దున్నే బానలకు ఎత్తి పోస్తాంటే ఆ సప్పుడుకే మాకు మెలకువ వచ్చేది."

"ఆ నీళ్ల తీపి యాడిది మామా ఇప్పుడు," అంది పక్కింటి ఎల్లక్క, కళ్లు తుడుచుకుంటూ.

అధికారి ముఖం విప్పారింది. "అయితే మీ అందరికీ పని తెలుసన్నమాట."

"తెలీకేం సార్! మేం పుట్టి పెరిగిందే ఆ నీళ్లలో," అన్నారు అందరూ.

అతను ఏదో రాసుకుని సంతోషంగా వెళ్లిపోయాడు. వీళ్లు సాయంత్రం దాకా అక్కడే కూర్చుని ఎవరింట్లో ఎన్ని బిందెలో పెంచుకుంటూ పోయారు. నేను లేచి వచ్చేసరికి కుళ్లాయప్ప మామ ఇంట్లో ఏడు అయ్యాయి.

శుక్రవారం. తొట్టి సగం.

నిన్న అటకల మీది వలలు దించాం. వల అంటారు గానీ అది వల కాదు. పైన ఒక కర్ర, దానికి వరసగా కట్టిన నిలువెత్తు నల్లటి దారాలు, కింద రేకు దోనె. మిద్దె మీద పడమటి గాలికి నిలబెట్టాలి. తెల్లవారుజామున దిబ్బల మీంచి మంచు దిగి దారాలకు పడుతుంది, చుక్కలై దోనెలోకి జారుతుంది, దోనె నుంచి బిందెలోకి. చూసినవాళ్లు చెప్పిన మాట ఇది. నేను వచ్చేనాటికే గొట్టం వచ్చి చాలా ఏళ్లయింది, వలలు అటకెక్కాయి.

ఈ ఉదయం మిద్దె ఎక్కి చూశాను. దారాలకు మంచు పట్టింది, నిజమే. ముత్యాలు గుచ్చినట్టు ఉంది. కానీ ఒక్క చుక్కా కిందికి జారలేదు. దారాన్ని పట్టుకుని వేలాడుతూ ఉన్నాయి. ఎండ పొడిచింది. మా ఆయన "ఆహా, చూడవే, అచ్చం చిన్నప్పటి లెక్కనే" అంటూ ఉండగానే ముత్యాలన్నీ ఆవిరై ఎగిరిపోయాయి. దోనెలో వేలు పెట్టి చూశాను. వేలు కూడా తడవలేదు.

"దారాలకు ఏదో పూసేవాళ్లు అయ్యుంటారు," అన్నాను. "జారడానికి. ఏం పూసేవాళ్లు?"

"ఏం పూసేది? ఏమీ లేదు. గాలికి కట్టేది, అంతే."

"సరిగ్గా గుర్తు తెచ్చుకోండి."

ఆయన కళ్లు మూసుకున్నారు. నాకు ఆశ కలిగింది. కళ్లు మూసుకునే చెప్పడం మొదలుపెట్టారు: సాయంత్రం మిద్దె మీద ఇసుక చల్లబడుతుంటే కాళ్లకు ఎట్లా ఉండేదో, గాలిదుమ్ము వచ్చిన రోజు బడి ఉండదని పిల్లలందరూ ఎట్లా గంతులు వేసేవాళ్లో, ఉడుము తోకను ఎవరు ఎక్కువసేపు పట్టుకుంటారో పందెం, వాళ్లమ్మ పిల్లలందర్నీ వరసగా కూర్చోబెట్టి తల దువ్వేటప్పుడు పెట్టే కేకలు.

"ముందు నన్ను, తర్వాత తమ్మున్ని, తర్వాత చెల్లిని. ఆఖరికి కడగొట్టుదాన్ని. ‘జరగండ్రా, కడగొట్టుదాని తల దువ్వల్ల, మంచు దిగే పొద్దయితాంది’ అని మమ్మల్ని నెట్టేసేది. కడగొట్టుదాని జుట్టు ఎంత పొడుగు అనుకున్నావ్!"

కడగొట్టు చెల్లెలి మాట వచ్చినప్పుడల్లా నేను ఇక ఏమీ అడగను. ఇంట్లో ఉన్నది ముగ్గురు పిల్లలే అని నాకు తెలుసు. ఆ నాలుగోది చిన్నప్పుడే పోయిందని పెళ్లయిన కొత్తలోనే ఊహించాను. మొదటి పెద్దల పండగకు పోయినవాళ్ల పేరున ముద్దలు పెడుతూ, "కడగొట్టుదానికి కూడా పెట్టనా అత్తయ్యా?" అని అడిగాను. మా అత్తగారు నన్ను చాలాసేపు చూసి, "పెట్టమ్మా. ఇప్పుడు దాన్ని తలుచుకునేదెవరు," అన్నారు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పటినుంచి ప్రతి ఏడూ పెడుతున్నాను. ఆవిడ పోయాక కూడా మానలేదు.

కాబట్టి ఊరుకున్నాను. వల సంగతి ఎక్కడిది అక్కడే ఉండిపోయింది.

ఆదివారం. తొట్టి సగం లోపు.

రెండు రోజులు ఇల్లిల్లూ తిరిగి ఒకే ఒక ప్రశ్న వేశాను: దారాలకు ఏం పూసేవాళ్లు? ఎదురిల్లు తప్ప అన్నీ తిరిగాను. నాకు దొరికిన జవాబులు ఇవి. ఆ రోజుల్లో వెన్నెల ఎక్కువ. ఆ రోజుల్లో మనుషులు మంచివాళ్లు. ఆ నీళ్లతో వండితే సంగటికి నంజుకోను ఊరిబిండి కూడా అక్కర్లేదు. ఆ రోజుల్లో మంచు దానంతటదే పడేది.

"దానంతటదే పడితే ఇప్పుడెందుకు పడటం లేదు మామా?" అని కుళ్లాయప్ప మామను నిలదీశాను.

"కాలం మారింది గదమ్మా."

"మంచు మారలేదు. దారం మారలేదు. రోజూ దోనె ఎండిపోయి ఉంటోంది."

"సముద్రం కాడ పుట్టినదానివి, నీకేం తెలుస్తాది ఆ దినాల గురించి," అన్నాడు జాలిగా. జాలి నామీద.

ఈ పని చేసిన ఆడవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. మిగిలినవాళ్లు అప్పటి పిల్లలు. మధ్యాహ్నం ఆడిన ఆటలో ఎవరు ఓడారో కూడా చెప్పగలరు. అదే మిద్దె మీద, అదే పూట, వాళ్ల అమ్మ చేతులు ఏం చేస్తున్నాయో ఒక్కరూ చూడలేదు. నాకు మా ఉప్పు గది గుర్తుంది. గోడకు అమ్మ సున్నంలో ఏం కలిపి పూసేదో కూడా గుర్తుంది, ఎందుకంటే కలిపింది నేనే. నాకు బాల్యం లేదని మా ఆయన అప్పుడప్పుడు నవ్వుతారు. లేకపోవడమే మంచిదయింది.

ఇక ఎవర్నీ అడగదలచుకోలేదు. దారం మీద నీళ్లు జారాలంటే జిడ్డు ఉండాలి. ఈ ఊళ్లో కావలసినంత దొరికే జిడ్డు ఆముదం, ప్రతి పెరట్లోనూ ఆముదపు చెట్టు ఉంది. రేపు పూస్తాను.

మంగళవారం. తొట్టి పావుకు దగ్గర.

పూశాను. చీపురు పుల్లల కుంచెతో మా వలకూ, ఎల్లక్క వలకూ, మామ వలకూ దారం దారానికీ పట్టించాను. నడుము పడిపోయింది.

మా ఆయన మిద్దె మీదికి వచ్చి సాయం చేస్తారనుకున్నాను. రెండు మెట్లు ఉండగానే ఆగిపోయి గాలి పీల్చారు.

"అమ్మ వాసన వస్తాంది," అన్నారు. "ఇదే మిద్దె, ఇదే పొద్దు, ఇదే వాసన."

"ఆముదం వాసన అండీ. ఆ డబ్బా అందుకోండి."

ఆయన డబ్బా అందుకోలేదు. అక్కడే మెట్టు మీద కూర్చుని ఏడ్చారు. నేనే దిగి తెచ్చుకున్నాను.

నిన్న సాయంత్రం గాలిదుమ్ము లేచింది. తెల్లారి చూస్తే మూడు వలలూ మట్టి గోడలయ్యాయి. ఆముదానికి ఇసుక పట్టి, దారం దారం అతుక్కుని, వేలితో తడితే పెళ్లలు రాలుతున్నాయి. ఆ పెళ్లలు వదలగొట్టడానికి నీళ్లు కావాలి. వల కడగడానికి తొట్టి నీళ్లు తీయవలసి వచ్చిందని నా చేత్తో నేనే రాస్తున్నాను.

ఎదురింటి మిద్దె మీద హుసేన్‌బీ బట్టలు దులుపుతూ అంతా చూసింది. నాతో మాట్లాడలేదు. వాళ్ల మేకతో మాట్లాడింది.

"చూస్తివా జమీలా, నూనె పెట్టి తల దువ్వకుంటే ఏమైతాదో. అట్టలు కట్టుకపోతాది."

నా మీద విసిరిన మాటే. కత్తిరించుకున్న నా తలను అందో, వలను అందో తెలియలేదు. కోపంతో కిందికి వచ్చేశాను.

బుధవారం. తొట్టి పావు.

ఈ రోజు జరిగింది ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

వల కడిగిన నీళ్ల లెక్క చెప్పడానికి ఎల్లక్క ఇంటికి వెళ్లాను. మాటల్లో ఆవిడ అంది: "మా కడగొట్టుదాని జుట్టుకు ఊరంతా దిష్టి పెట్టేది రత్నం. మాయమ్మ దాన్ని దువ్వుతాంటే నాకు కడుపు మండేది. నాకు రెండు దువ్వులు, దానికి రెండు వందలు."

వీళ్లింట్లో కూడా ఒక కడగొట్టుది పోయిందా అని మనసు చివుక్కుమంది. అక్కడినుంచి మూలింటికి వెళ్లాను. కుళ్లాయప్ప మామ పాత పాటే పాడుతున్నాడు, వాళ్లమ్మ సాయంత్రాల గురించి. అందులో మళ్లీ అదే మాట: "ఆఖరికి కడగొట్టుదాని వంతు."

మెట్ల మీదే నిలబడిపోయాను. మూడిళ్లు. మూడిళ్లలోనూ చివరి ఆడపిల్ల. మూడిళ్లలోనూ పొడుగు జుట్టు. ఒక్కరి పేరూ ఎవరూ చెప్పరు, ఒక్కరి సమాధీ నేను చూడలేదు. ఈ ఊళ్లో ఏం జరిగింది? ఏదైనా జ్వరమా? నీళ్లు చాలక ఆఖరి పిల్లల్ని... ఆ ఆలోచన పూర్తి చేయలేకపోయాను. ఇన్నేళ్లుగా మర్యాద అనుకుని అడగని ప్రశ్న ఇవాళ అడిగేశాను.

"మామా, ఏమీ అనుకోకండి. మీ కడగొట్టుది... ఏమైంది?"

"ఏమైతాది? అటక మీద ఉండె."

నేను తలెత్తి అటక వైపు చూశాను.

"మొన్న నీ ముందరే దించితి గదమ్మా. నువ్వే గదా ఆముదం పూసి దాన్ని సెడగొడితివి."

"వలా?"

"వల గాకుంటే? ఇంటికి కడగొట్టు ఆడబిడ్డ అదే గదా. తల ఇరబోసుకోని మిద్దె మీద నిలబడుకుంటాది. అట్లనే పిలిచేది అందురూ." మామ నన్ను వింతగా చూశాడు. "నీకు తెలీదా? తిప్పిగాడు సెప్పలేదా?"

అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు కాబట్టి రెండూ వాయిదా వేసి పని అడిగాను.

"మామా, దాన్ని ఎందుకు దువ్వేవాళ్లు?"

"ఇసుక రాలనీకి. సిక్కు పడకుండా."

"ఏ దువ్వెనతో?"

"ఇంటికి ఒకటే దువ్వెన. కొయ్యది. ఈ ఎడారిలో గట్టి కొయ్య యాడ దొరుకుతాది రెండోదానికి?"

"మీ తలలు దువ్విన దువ్వెనతోనే?"

"ఆ."

"మీ తలలకు ఆముదం పెట్టాకే దువ్వేవాళ్లా?"

"ఆముదం లేకుంటే ఆ ఇసుక తలల్లో దువ్వెన దిగుతాదా? మాడుకు దాకా పట్టించేది."

"మీ తలలు ముందా, అది ముందా?"

మామ చేతిలోని విసనకర్ర ఆగింది. పంతులు కదా, జవాబు ఆయనకే వినిపించింది.

"అదే ఆఖరు," అన్నాడు నెమ్మదిగా. "ఎప్పటికీ అదే ఆఖరు. కడగొట్టుది గదా."

పేరులోనే ఉంది. పిల్లల తలలు తాగగలిగినంత ఆముదం తాగాక, దువ్వెన పళ్లకు మిగిలిన ఆ కాస్త జిడ్డు. కుంచెతో పూస్తే మట్టి గోడ అవుతుంది, పూయకపోతే చుక్క కదలదు. ఈ రెంటికీ మధ్య ఉన్న పలుచదనం కోసం వాళ్లు వేరే పనిముట్టు చేసుకోలేదు. పిల్లల తలలు ఉన్నాయి కదా.

ఇంటికి పరుగెత్తాను. అత్తగారి కొయ్య దువ్వెన పెట్టెలోనే ఉంది. ఆముదం తీసి నా తలకు పెట్టుకుని దువ్వాను. దువ్వెన మాడును గీరింది. వేలెడు కూడా లేని వెంట్రుకల్లో ఏం దువ్వుతాను? నూనె అంతా మెడ మీద కారింది. మా ఆయన తల చూశాను. బయటికి వచ్చి వీధి చూశాను. అరుగుల మీద అందరూ కూర్చుని ఉన్నారు, కోత కోసిన కొర్ర చేను.

వీధిలో జుట్టున్న తల ఒక్కటే ఉంది. అది కూడా నా పుస్తకంలో ‘దుబారా’ అని ఉంది.

బుధవారమే, సాయంత్రం.

దువ్వెన, ఆముదం, ఇన్నాళ్లూ కోసిన చెంబుల లెక్కకు బదులుగా మా ఇంటి నీళ్ల బిందె పట్టుకుని ఎదురింటికి వెళ్లాను. హుసేన్‌బీ గుమ్మంలోనే నిలబడింది. లోపలికి రమ్మనలేదు.

ఉన్నదంతా చెప్పాను. చివరిదాకా విని, బిందె వైపు చూసింది.

"నా జడ నీ బుక్కులో ఏమని రాసినావ్ రత్నక్కా?"

"దుబారా అని."

"ఇప్పుడు?"

"కొట్టేస్తాను."

"కొట్టేయొద్దు. అట్లనే ఉండనీ, నీ మనవరాండ్లు సదువుకోని నవ్వల్ల. దాని పక్కన ‘వీధి తల’ అని రాయి."

రాశాను. ఆవిడ ముందరే రాశాను. అప్పుడు పక్కకు జరిగి దారి ఇచ్చింది.

"నిన్న మేకతో అన్నావే, నూనె పెట్టి దువ్వకపోతే అట్టలు కడుతుందని," అన్నాను. "నీకు ముందే తెలుసా?"

"నాకేం తెలుసు! మాయమ్మ రోజూ అనే మాట అది. నోటికొస్తే అంటి." జడ ముందుకు వేసుకుని అంది: "మాయమ్మ నాకు సెప్తాంది అనుకుంటి. అది వలకు సెప్పేదేమో."

పొద్దు వాలకముందే వీధి వీధంతా వాళ్ల మిద్దె మీద ఉంది. హుసేన్‌బీ జడ విప్పి కూర్చుంది. ఒక్కొక్క ఇంటి నుంచి ఒక్కొక్క కొయ్య దువ్వెన. ఎల్లక్క దువ్వి వాళ్ల వల దగ్గరికి పరుగు, ఆ వెనక కుళ్లాయప్ప మామ కోడలు, ఆ వెనక నేను. గోడలు దూకుతూ, మిద్దెల మీంచి మిద్దెలకు.

"మెల్లిగ దువ్వండే! తలకాయ నాది, వీధిది కాదు!"

"వీధి తలని నువ్వే రాపిస్తివి గదా," అంది ఎల్లక్క.

"ఓయమ్మా, మాయమ్మ కూడా ఇంత గుంజలేదే!" అని అరిచిన హుసేన్‌బీ ఉన్నట్టుండి నోరు మూసుకుంది. ఆ తరువాత ఎవరు ఎంత గట్టిగా లాగినా ఏమీ అనలేదు. కళ్లు మూసుకుని కూర్చుంది. నాకు ఆగి చూడటానికి తీరిక లేదు, నా వెనక ఇంకా సగం వీధి దువ్వెనలు ఉన్నాయి.

మా ఆయన మాత్రం ఒక మూల నిలబడి ఉన్నారు. మొహం చిన్నబోయి ఉంది.

"అంటే అమ్మ మా తలలు దువ్వింది... వల కోసమా?" అన్నారు. ఎవర్నీ కాదు, గాలిని అడిగినట్టు. "రోజూ. అంత ఓపికగా. మా కోసం కాదా?"

కుళ్లాయప్ప మామ నేల చూశాడు. కళ్లు తెరవకుండానే హుసేన్‌బీ అంది:

"వల కోసమైతే నూనె వలకే పూసేది గదన్నా. నీ తలకెందుకు దండగ?"

మా ఆయన మొహం కొంచెం తేటపడింది. నేరుగా పూస్తే ఏమవుతుందో ఆ మిద్దె మీద అందరికంటే బాగా నాకు తెలుసు. అయినా ఆ మాట నేను అనలేదు. లెక్క తప్పకూడదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

శనివారం. తొట్టి అడుగు కనబడుతోంది.

అమావాస్య. బుధవారం నుంచి ప్రతి సాయంత్రం దువ్వుతూనే ఉన్నాం. రఘునందన్ తెల్లవారుజామునే వచ్చాడు. అందరం మిద్దెల మీద ఉన్నాం. మంచు దిగింది. దారాల మీద చుక్కలు పుట్టాయి, ఒకదానితో ఒకటి కలిశాయి, బరువెక్కి జారాయి. దోనె రేకు మీద టప్పుమంది. ఆ వెనక ఇంకొకటి. తరువాత వేరు వేరుగా వినపడలేదు.

బిందెలు నిండాయి. రెండిళ్లలో అంచుకు రాలేదు. హుసేన్‌బీ బిందె పొంగింది, ఆవిడ వల అందరి చివర, జిడ్డు బాగా పలుచబడ్డాక దువ్వినది కాబట్టి. చెంబుతో తీసి ఆ రెండు బిందెల్లో పోసింది. పోస్తూ నా వైపు చూసి, "ఇది కూడా రాసుకో," అంది.

"పూత ఏమిటి రత్నంగారూ?" అని అడిగాడు అధికారి, కాగితం చేతిలో పట్టుకుని. "మిగతా వీధులకు చెప్పాలి. నాలుగు వీధులకు నిన్ననే మూత నోటీసు అతికించాం."

"పూత లేదు. దువ్వాలి. ముందు మనిషి తల, ఆఖరున వల."

"కాగితంలో రాయడానికి పూత పేరు కావాలండీ."

"ఆముదం అని రాస్తే వాళ్లు కుంచెతో పూస్తారు, మట్టి గోడలవుతాయి."

అతను చివరికి ఆముదం అనే రాశాడు. ఆ నాలుగు వీధులకు నేనే వెళ్లి చెప్పాలి. జుట్టు కత్తిరించవద్దని ముందు చెప్పాలి. మా వీధి పొదుపు చూసి వాళ్లు కూడా మొదలుపెట్టారని విన్నాను.

మా వీధికి ఉండవచ్చని ముద్ర పడింది. వచ్చే ఎండాకాలం దాకా. ఆ తరువాత మళ్లీ చూస్తారట.

శుక్రవారం. తొట్టి పావు, పెరుగుతోంది.

వారం తిరగలేదు. పొద్దున పక్క వీధి వాళ్లు అరుగు మీద చేరితే మా ఆయన చెబుతున్నారు:

"ఆ నాలుగు దినాలు దినాలప్పా! వీధి వీధంతా ఒకే మిద్దె మీద. ఏం నవ్వులు, ఏం కేకలు. అట్లాటి కాలం మల్లీ వస్తాదా!"

పోయిన వారం గురించి. నేను లోపల పలకలు తుడుస్తున్నాను. మట్టి గోడలైన మూడు వలలు ఎవరు కడిగారో, నడుము ఎవరిది పడిపోయిందో అందులో లేదు. ఎల్లక్క "ఆ నీళ్ల తీపి!" అంటోంది. గుడ్డ గట్టిగా పిండి బయటికి వచ్చాను.

"మీ కడగొట్టుది వల అని నాకు ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదండీ?"

"నీకు తెలుసనే అనుకుంటి," అన్నారు. "పెద్దల పండగకు ప్రతి ఏడూ దానికి ముద్ద పెడ్తాంటివి గదా. సముద్రం పిల్లకు మా వల మీద ఎంత మర్యాద అని అమ్మ మురిసిపోయేది. నువ్వు పెట్టినాంక మేమెవరం దాన్ని మరవలేదు."

లోపలికి వచ్చేశాను.

సాయంత్రం హుసేన్‌బీ పిలవకుండానే వచ్చి, నన్ను మిద్దె మీద కూర్చోబెట్టి నా తలకు ఆముదం పెట్టింది. "ఇంత జుట్టుకు దువ్వెనెందుకక్కా, గుడ్డతో తుడిస్తే సాలు," అంటూనే దువ్వింది. రెండు పళ్లకు జిడ్డు అంటి ఉంటుంది, అంతకంటే ఎక్కువ ఉండదు. దువ్వెన నా చేతికిచ్చి, జరుగు అన్నట్టు భుజం మీద తట్టింది. లేచి వలకు దువ్వాను.

ఈ ఏటి పెద్దల పండగకు కావలసిన నీళ్లు, పిండి ఇప్పుడే లెక్క వేసిపెట్టాను. ప్రతి ఏడూ పెట్టే ముద్దల్లో ఒకటి తగ్గించాను. కడగొట్టుది పోలేదు.